మూఢనమ్మకము: మాటయు, వాడుకయు



ఎదుటివాని ఆచారము నచ్చనిచో “మూఢనమ్మక”మని కొట్టివేయుట నేడు పరిపాటియైనది. ఆ మాట పుట్టుక నెరిగి వాడువారు కొలదిమంది.

సంస్కృతమున “ముహ్” ధాతువునకు తెలివి కలతపడుట యని అర్థము. పాణిని సూత్రము చొప్పున దీనినుండి “మూఢ”, “ముగ్ధ” యను రెండు రూపములును సిద్ధించును. ఒక తల్లి బిడ్డలే; ఒకతె కావ్యనాయిక యైనది, రెండవది తిట్టై వీధిని పడినది! “నమ్మకము” తెనుగు మాట. ఈ యతుకును లాక్షణికులు వైరిసమాసమని యీసడింతురు. “మూఢవిశ్వాస”మనుటయే వారికి సమ్మతము. లోకము వినలేదు. వినకుండుటయే మేలు, తెనుగున విశ్వాసమనగా కుక్కకు గల గుణము కూడ స్ఫురించును.

పంచాంగమున వేరొక మూఢము కలదు. గురుడు సూర్యునికి సుమారు 11 భాగల లోపలికి వచ్చినపుడు ఆ వెలుగులో కానరాడు. అదియే గురుమూఢము, పెండ్లిండ్లు నిలిచిపోవును. గ్రహమెక్కడికిని పోలేదు, చిన్నబోలేదు. కొరత చూచువాని చూపునకే.

ఇక వాడుక మాట. సంతబొమ్మాళికి పొరుగున, టెక్కలి చెంతనున్న తేలినీలాపురమునకు ఏటేట గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును వచ్చి చెట్లపై గూళ్లు కట్టును. నౌపడ చిత్తడినేలలు వానికి మేతపట్టు. అవి వచ్చిన యేడు ఊరికి శుభమనియు, రాకున్న కీడనియు గ్రామస్థుల నమ్మకము. కావుననే వానిని కాచుకొందురు. పక్షులు వానలను తేవు. వాన కురిసి, నీరు నిలిచి, చేప పెరిగిన చోటికే అవి చేరును. కార్యకారణములు తలక్రిందులైనవి, నిజమే. కాని రెండును జతగా వచ్చునని పసిగట్టిన చూపు మూఢము కాదు.

విశాఖ మన్యమున “చిల్లంగి” యను మాట కలదు. ఒక యింట జ్వరము తగిలినచో పొరుగువానిపై ఆ నింద మోపి ప్రాణము తీసిన యుదంతములు పత్రికలకెక్కినవి. దీనికిని, కొంగల నమ్మకమునకును ఒకటే పేరు పెట్టుట ఎట్టి న్యాయము?

మహారాష్ట్రమున నరేంద్ర దభోల్కరు 1989లో నెలకొల్పిన సమితి పేరున “అంధశ్రద్ధ” యున్నది. 2013 ఆగస్టు 20న ఆయన పుణెలో హతుడయ్యెను. ఆ యేడే వెలువడిన శాసనపు పేరున ఆ మాట లేదు. నరబలి, అమానుషకృత్యములు, చేతబడి యని చేతలనే పేర్కొనిరి. చిల్లంగి నిందతో జరిగిన హత్యకును నమ్మకమను పేరు తగదు, అది నేరము.

తేలినీలాపురమువారి తలపునకు “శకున”మను పాతమాట చాలును. సంస్కృతమున శకునమనగా పక్షియే.