అల్లరి తరగతి – శిక్షణలో ఉన్న టీచరు
(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠం)



పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పింది. ఆ రోజును తలచుకునే ఈ సభలో డి.ఏ. గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడగల సమర్థులు చాలామంది ఉన్నారు. నేను మన ఇళ్లలోని మరో సంగతి మనవి చేస్తాను.

మన మనవలు, మనవరాళ్లు, కోడళ్లు కొందరు టీచరు శిక్షణలో ఉన్నారు. టీచింగ్ ప్రాక్టీసుకని బడికి వెళ్లి మొదటి వారంలోనే ముఖం వేలాడేసుకుని వస్తున్నారు. "తాతయ్యా, పిల్లలు మాట వినడం లేదు. ఈ ఉద్యోగం నావల్ల కాదు" అంటున్నారు. ఆ పూట మనం చెప్పే మాట మీద ఒక టీచరు మిగలడమో, మానేయడమో ఆధారపడి ఉంటుంది.

మనం సాధారణంగా ఏం చెబుతాం? "మా రోజుల్లో అయితేనా..." అంటూ కోదండం, గోడకుర్చీ, తొడపాశం అన్నీ ఏకరువు పెడతాం. "మొక్కై వంగనిది మానై వంగునా" అని సామెత కూడా జోడిస్తాం. సామెత మంచిదే. కాని అది వంచమంది గాని విరవమనలేదు. పైగా 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అతిక్రమించిన వారిపై క్రమశిక్షణ చర్య తప్పదు. కనుక "రెండు తగిలించు" అనే సలహా ఆ పిల్లవాడికీ చేటే, మన బిడ్డకూ చేటే.

ఛాత్రోపాధ్యాయుల ఇబ్బంది వేరు. ఆ తరగతి వారిది కాదు. కొన్నాళ్లకు వెళ్లిపోతారని పిల్లలకు తెలుసు. పర్యవేక్షకుడు వెనుక బెంచీలో ఉన్నంతసేపు నిశ్శబ్దం, ఆయన గడప దాటగానే సంతబజారు. 2014లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నిబంధనలు మార్చి బి.ఇడి.ని రెండేళ్లు చేసింది, బడిలో గడిపే కాలాన్ని 20 వారాలకు పెంచింది. మంచిదే. అయితే పాఠ్య పథకం రాయడం మీద ఉన్న శ్రద్ధ, అల్లరి తరగతిలో నిలబడటం నేర్పడం మీద లేదని నా అభిప్రాయం.

జాకబ్ కౌనిన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎన్నో తరగతి గదులను పరిశీలించి 1970లో ఒక పుస్తకం వెలువరించారు. అల్లరి జరిగాక టీచరు ఎలా మందలించాడన్న దానిలో పెద్ద తేడా ఏమీ ఆయనకు కనిపించలేదు. గదిలో ఏ మూల ఏం జరుగుతున్నదో టీచరుకు తెలుసునని పిల్లలకు అనిపించడం, పాఠం కుంటుపడకుండా సాగడం – తేడా అంతా అక్కడే ఉంది. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను గమనించినదీ ఇదే.

కనుక మన పిల్లలకు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, పేర్లు. ఎవరెక్కడ కూర్చుంటారో కాగితం మీద గీసుకుని రెండు మూడు రోజుల్లో పేర్లు నేర్చుకోవాలి. "ఏయ్, నువ్వే" అంటే నలుగురు తలెత్తుతారు, పేరు పెట్టి పిలిస్తే ఒక్కడే సర్దుకుంటాడు. రెండవది, గంట కొట్టేసరికి తరగతిలో ఉండి, బోర్డు మీద ఒక చిన్న పని రాసి సిద్ధంగా ఉంచాలి. ఖాళీగా ఉన్న అయిదు నిమిషాలే అల్లరికి పుట్టిల్లు. మూడవది, అరవకూడదు. పాఠం చెబుతూనే నడిచి వెళ్లి ఆ బెంచీ పక్కన నిలబడితే చాలు. నాలుగవది, ఒకడు చేసిన దానికి తరగతినంతా నిలబెట్టకూడదు. అలా చేస్తే బుద్ధిమంతులు కూడా ఎదురు పక్షంలో చేరతారు. అయిదవది, ప్రతి చిన్నదానికీ హెడ్మాస్టరు గదికి పంపకూడదు. రెండోసారికే మన మాటకు విలువ పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ పిల్లవాణ్ణి తర్వాత ఒంటరిగా పలకరించడం. ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి కుర్రవాడు రోజూ ఆలస్యంగా వచ్చేవాడు. వాడు గుమ్మంలో కనబడగానే తరగతంతా చప్పట్లు, వాడు సలాములు. సాంఘికశాస్త్రం చెప్పడానికి వచ్చిన శిక్షణ టీచరమ్మ మధ్యాహ్నం విరామంలో వాణ్ణి అడిగింది. ఇంట్లో తండ్రి మంచాన ఉన్నాడు. పాలకేంద్రంలో పాలు పోసి, గేదెను కట్టేసి వాడు రావాలి. ఆలస్యం దాచుకోవడానికే ఆ వేషాలు. ఆమె వాడికి తలుపు పక్కన చోటిచ్చి, పిలవకుండా వచ్చి కూర్చోమంది. చప్పట్లు ఆగిపోయాయి. వాడు మహా బుద్ధిమంతుడైపోయాడని చెప్పను, కాని పాఠం సాగింది. కొందరికి చదవడం రాదు, అది బయటపడకుండా గోల చేస్తారు. కొందరికి బోర్డు కనబడదు. కొందరు పొద్దున ఏమీ తినకుండా వస్తారు. అడిగితేనే తెలుస్తుంది.

అడిగినా లొంగని పిల్లలూ ఉంటారు. వారి విషయంలో జరిగింది జరిగినట్లు డైరీలో రాసి, ఆ తరగతి అసలు ఉపాధ్యాయుని సలహా తీసుకోవాలి. అది చేతకానితనం కాదు, శిక్షణలో భాగం.

మిత్రులారా! మన గౌరవం దయ మీద ఆధారపడకూడదని కోర్టుకెక్కిన తరం మనది. బెంచీ మీద కూర్చున్న పిల్లవాడికీ, బోర్డు ముందు వణుకుతూ నిలబడ్డ ఆడపిల్లకూ ఆ గౌరవమే కావాలి. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లాక "ఎవర్ని కొట్టావు?" అని గాని, "మా రోజుల్లో..." అని గాని అనకండి. "ఇవాళ కొత్తగా ఎవరి పేరు నేర్చుకున్నావమ్మా?" అని అడగండి. చెప్పింది ఓపిగ్గా వినండి. మనకున్న తీరికను అంతకన్నా సద్వినియోగం చేసుకునే మార్గం నాకు తోచడం లేదు.