నోటీసు నా బల్ల మీదే ఉండిపోయింది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

యాభై ఏళ్ల పండుగనాడు తీపి జ్ఞాపకాలే చెప్పుకోవాలి. నేను మాత్రం నా తప్పొకటి ఒప్పుకోవాలని వచ్చాను. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. మన బడిలో పది పాసైన ఒక అమ్మాయి మా దగ్గర బీఎస్సీలో చేరింది. ఇంటర్‌లో మంచి మార్కులు. రెండో ఏడాదిలో వచ్చి, "సార్, ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌కి అప్లై చెయ్యొచ్చా?" అని అడిగింది. దానికి మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టాలి. ముందటేడు వచ్చిన నోటీసు నా బల్ల మీద కాగితాల కింద ఉండిపోయింది.

ఆ పిల్ల పోగొట్టుకున్నది చిన్న మొత్తం కాదు. ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 20,000 వేసవిలో ఒక పరిశోధకుడి దగ్గర ప్రాజెక్టు చేయడానికి. బోర్డు పరీక్షలో పై ఒక శాతంలో నిలిచి, బేసిక్ సైన్సు చదివేవారికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఇది. ఇంజినీరింగుకీ మెడిసిన్‌కీ వర్తించదు. అంటే, మామూలు డిగ్రీ కాలేజీలో చేరే మన పిల్లలకు బాగా పనికొచ్చేది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి వేసవి ఫెలోషిప్పులు ఇస్తాయి. విద్యార్థి రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేస్తాడు, భృతి ఇస్తారు. అధ్యాపకులూ అప్లై చేయవచ్చు. ఎంబీబీఎస్, బీడీఎస్ పిల్లలకు ఐసీఎంఆర్ 1979 నుంచి రెండు నెలల పరిశోధన భృతి ఇస్తోంది. కొందరు ఇంకా కేవీపీవై రాయమని చెబుతున్నారు. అది ఇప్పుడు లేదు, 2022లో ఇన్‌స్పైర్‌లో కలిపేశారు.

డబ్బు ఉంది. మన పిల్లలు ఆగిపోయేది మూడు చోట్ల. కబురు వేళకు అందదు. ఏం పరిశోధన చేయాలనుకుంటున్నారో ఒక పేజీ రాయమంటే చేయి ఆడదు, సిఫారసు లేఖ ఎవరిని అడగాలో తెలియదు. మూడోది, ముందు పెట్టుబడి. ఐసీఎంఆర్ భృతి రిపోర్టు ఆమోదం పొందాకే వస్తుంది. అప్పటిదాకా ఖర్చులకు ఇంట్లో ఎవరిని అడుగుతారు?

అందుకే సంఘాన్ని నేను పెద్ద నిధి అడగడం లేదు. మూడు చిన్న పనులు అడుగుతున్నాను. ఒకటి, ఏటా దసరా సెలవుల్లో, డిగ్రీలో చేరిన మన పిల్లలను బడికి పిలిచి ఏ దరఖాస్తు ఎప్పుడో చెప్పాలి. రెండు, మనలో పరిశోధన చేసినవాళ్లు ఆ ఒక్క పేజీ దిద్దిపెట్టాలి. మూడు, రైలు టికెట్టుకీ, మొదటి నెల గది అద్దెకీ చేబదులు ఇవ్వాలి. భృతి రాగానే పిల్లలు తిరిగి కడతారు, అదే డబ్బు మరొకరికి పోతుంది.

ఆ అమ్మాయి ఎమ్మెస్సీ చేసి ఇప్పుడు మన మండలంలోనే టీచరుగా ఉంది. తన క్లాసులో పిల్లలకు నోటీసులు తానే చదివి వినిపిస్తుందట. నేను చేయలేకపోయిన పని అది. మొదటి చేబదులుకు నా వంతు పదివేలు ఈరోజే కోశాధికారి గారికి ఇస్తున్నాను.