చిన్న డబ్బా, పెద్ద నష్టం



కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోతే వైరస్ అనుకొంటాము. కాని 1999 మొదలు కొన్నేండ్లపాటు తయారైన ఎన్నో మదర్‌బోర్డులకు పట్టిన జబ్బు వేరు. కరెంటు హెచ్చుతగ్గులను సర్దే కెపాసిటరు ఒక చిన్న అల్యూమినియం డబ్బా. అందులోని ద్రవం పాళ్లు కుదరక వాయువు పుట్టింది. మూత ఉబ్బి, ద్రవం కారింది. కొత్తలో తనిఖీకి చిక్కని లోపం, కొంతకాలం వాడిన తరువాతే బయటపడింది. డబ్బా ఖరీదు కొన్ని సెంట్లే. అయినా ఇటువంటి కంప్యూటర్ల మరమ్మతులకు డెల్ కంపెనీ 2005లో 30 కోట్ల డాలర్లు కేటాయించవలసి వచ్చింది.

మా సాయంకాల తెలుగు తరగతిలోనూ రెండు కంప్యూటర్లు ఇలాగే పోయాయి. అయితే డిస్కు చెడలేదు. పిల్లలు అవ్వల నోట విని ఎక్కించిన పెండ్లిపాటలన్నీ దక్కాయి. కనుక మీ ఇంట పాత కంప్యూటరు ఆగితే, పారవేయక ముందు డిస్కు తీయించండి.

పెనాంగులో 1972లో ఇంటెల్ ఫ్యాక్టరీ వచ్చింది. అటువంటి ఫ్యాక్టరీలలో పనిచేసే మన బిడ్డలకు మేము చెప్పేది ఒకటే: తనిఖీ దాటితే చాలదు, కొన్నవారి ఇంట పదేండ్లు నిలవాలి.