పలుకు తేలిన ఫిరోజా



ఈ పూట ఒక రంగు గురించి మాట్లాడతాను. రేడియోలో రంగు కనబడదు కాబట్టి, ముందు మీరు చూసిన చోటే దాన్ని గుర్తుచేస్తాను. దసరా నాడు ఊరి బయట పాలపిట్ట కోసం వెతుకుతాం కదా. కరెంటు తీగ మీద వాలి ఉన్నంతసేపూ అది మట్టిరంగు పిట్టే. ఎవరో చప్పట్లు కొడతారు, లేదా దానికే ఏ మిడతో కనబడుతుంది, ఒక్కసారి రెక్క విప్పుతుంది. అప్పుడు చూడాలి. ఒక ముదురు నీలం పట్టీ, దాని పక్కనే మెరిసే లేత పట్టీ. ఆ లేత పట్టీ ఉంది చూశారూ, అదీ నేను చెప్పబోయే రంగు. నీలమందామంటే పచ్చ అడ్డొస్తుంది, పచ్చ అందామంటే నీలం ఊరుకోదు. చీరల కొట్లో ఆనంద బ్లూ అంటారు, ఇంకాస్త పచ్చవైపు మొగ్గితే రామా గ్రీన్ అంటారు. రంగుల ట్యూబుల మీద టర్కాయిస్ అని ఉంటుంది. ఇరాన్‌లో నిషాపూర్ గనుల్లో దొరికే రాయికి పారసీకులు పెట్టుకున్న పేరు ఫిరోజా. ఆ రాయి టర్కీ మీదుగా తమకు చేరింది గనక ఫ్రెంచివాళ్ళు దాన్ని టర్కీ రాయి అన్నారు. నాకు ఫిరోజా అనే మాటే ఇష్టం.

నీటిరంగులు వేసేవాళ్ళకు ఈ ఫిరోజాలో ఒక ప్రత్యేకమైన తీపి ఉంది. కాగితం మీద ఆరాక దగ్గరగా చూస్తే, సన్నని రవ్వ చల్లినట్టు చుక్కచుక్కగా కనిపిస్తుంది. గ్రాన్యులేషన్ అంటారు. అన్నం మెత్తబడకుండా మెతుకు మెతుకు విడిగా ఉంటే పలుకుగా ఉందంటాం. నేను రంగుకీ అదే మాట వాడతాను. పలుకున్న రంగు, పలుకు లేని రంగు.

ఇది ఎలా జరుగుతుందో మన పెరట్లోనే చూశాం. తెల్లబట్టలకు నీలిమందు పెట్టే రోజులు గుర్తున్నాయా? పొట్లంలోంచి చిటికెడు పొడి బకెట్ నీళ్ళలో వేసి, చేత్తో బాగా కలియబెట్టి, వెంటనే బట్ట ముంచాలి. ఆలస్యం చేస్తే పొడి అడుక్కి దిగిపోతుంది. అలాంటప్పుడు పంచె ముంచితే మడతల్లో నీలం మచ్చలు పడి, అమ్మ చేత చీవాట్లు తినేవాళ్ళం. తరవాత సీసాల్లో ద్రవం వచ్చింది. నాలుగు చుక్కలు వేస్తే నీళ్ళంతా ఒకేలా పరుచుకుంటుంది, ఎంతసేపు ఉంచినా అడుక్కి చేరదు. మొదటిది పలుకున్న రంగు, రెండోది లేనిది. ఆ పొడి నీలిమందు మరేదో కాదు, చిత్రకారుల పెట్టెలో ఉండే అల్ట్రామెరైనే. ఒకప్పుడు అఫ్ఘానిస్తాన్ బదక్షాన్ కొండల్లోని లాజవర్ది రాయి నుంచి తీసేవారు, బంగారంతో తూగేది. 1820ల చివర ఫ్రాన్సులో గిమే అనే ఆయన దాన్ని కొలిమిలో తయారుచేసే పద్ధతి కనిపెట్టాక చవకై, చివరికి మన చాకిరేవు దాకా వచ్చింది.

కాగితం మీదా ఇదే కథ. నీటిరంగంటే రంగు పొడి, తుమ్మజాతి చెట్టు జిగురు, కొంచెం గ్లిజరినో తేనో. నీళ్ళు తగలగానే జిగురు కరిగిపోతుంది, పొడి నీళ్ళలో తేలుతుంది. మంచి నీటిరంగు కాగితం నున్నగా ఉండదు, తిరగలి రాయిలా గతుకులుంటాయి. రేణువు బరువైనదైతే నీళ్ళు ఆరేలోపు జారి ఆ గుంటల్లో కూర్చుంటుంది, మిట్టలు తెల్లగా మిగులుతాయి. రేణువు మరీ సూక్ష్మమైతే గుంటా మిట్టా చూడదు, అంతటా సమంగా అంటుకుపోతుంది.

ఇది తెలియక నేనొకసారి దెబ్బతిన్నాను. పాలపిట్ట రెక్క వేద్దామని ఒక ట్యూబు కొన్నాను. మీద టర్కాయిస్ అని పెద్ద అక్షరాలు. వేసి ఆరబెట్టి చూస్తే ప్లాస్టిక్ బిందెలా నున్నగా ఉంది. మళ్ళీ తడిపి తుడుద్దామంటే కాగితానికి పచ్చబొట్టులా పట్టేసింది, ఎంత తుడిచినా వదల్లేదు. బొమ్మ పోయింది. అప్పుడు ట్యూబు వెనక్కి తిప్పి, భూతద్దం పెట్టి చదివాను. పి.బి. 15, పి.జి. 7 అని రెండు గుర్తులున్నాయి.

ఆ గుర్తులే ఈ పూట మీకు నేర్పాలనుకున్నవి. కలర్ ఇండెక్స్ అని ప్రపంచమంతా వాడే ఒక పట్టిక ఉంది. పి అంటే పిగ్మెంట్, రంగు పొడి. బి అంటే బ్లూ, జి అంటే గ్రీన్. ట్యూబు ముందువైపు పేరు కంపెనీవాళ్ళ ఇష్టం, వెనక అంకె మాత్రం లోపలున్న పదార్థం. పి.బి. 15 థాలో నీలం, పి.జి. 7 థాలో పచ్చ. పి.బి. 16 అని థాలో ఫిరోజా కూడా ఉంది. ఈ కుటుంబం కథ విచిత్రమైంది. 1928లో స్కాట్లండ్‌లోని ఒక రంగుల కర్మాగారంలో, తెల్లటి ఎనామెల్ పాత్ర పూత పగిలి లోపలి ఇనుము బయటపడితే, తెల్లగా ఉండాల్సిన సరుకులో నీలిపచ్చ పొడి కనబడింది. దాని వెంటబడి పోగా, ఇనుము బదులు రాగితో తయారైన థాలో నీలం 1935లో బజారుకొచ్చింది. చక్కటి రంగు, ఎండకు వెలవదు, చవక. నేను దాన్ని తక్కువచేయను. కాని దాని రేణువు మైక్రాన్‌లో పదో వంతు కూడా ఉండదు. దానికి పలుకెక్కడిది?

పలుకు కావాలంటే కోబాల్ట్ వైపు వెళ్ళాలి. పి.జి. 50 అంటే కోబాల్టును టైటానియంతో కలిపి, వెయ్యి డిగ్రీల ప్రాంతంలో కాల్చి, నూరినది. నీటికి నాలుగైదు రెట్లు బరువు. కోబాల్ట్ టీల్ అనో, లేత కోబాల్ట్ టర్కాయిస్ అనో అమ్ముతారు. పాలపిట్ట రెక్కలో లేత పట్టీకి దీన్ని మించింది నాకు ఇంతవరకు దొరకలేదు. రెండోది పి.బి. 36. ఇది కోబాల్ట్, క్రోమియం కలిసినది. మరి కాస్త ముదురు, కాస్త గంభీరం, వానాకాలం చెరువు రంగు. ఒక కంపెనీ పి.బి. 36 నీలంగా ఉంటే ఇంకో కంపెనీది పచ్చవైపు ఉంటుంది, కాబట్టి వీలైతే వేసిన నమూనా చూసి కొనండి. పేరు చివర హ్యూ అన్న మాట ఉంటే జాగ్రత్త. అసలు పదార్థం బదులు దాన్ని పోలిన చవక మిశ్రమం పోశారని అర్థం. చాలాసార్లు అందులో థాలోయే ఉంటుంది.

ఈ కోబాల్ట్ ట్యూబులు ఖరీదే. చిన్న ట్యూబు, 5 మిల్లీలీటర్లది చాలు. మూత తియ్యగానే రంగుకు ముందు తేనెలాంటి జిగురు కారుతుంది, సరుకు పాడైందని కంగారు పడకండి. బరువైన పొడి ట్యూబులోనూ అడుక్కి దిగి, జిగురు పైకి తేలింది, అంతే. పళ్ళెంలో వేసుకుని పుల్లతో కలిపేయండి.

ఇప్పుడు కలపడం. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెబుతాను. పళ్ళెంలో ఇటూ అటూ తిప్పి రెండు రంగుల్ని ఒక్కటి చేసేయాలని చూడకండి. పలుకున్న రంగుల అందం అవి కలిసీ కలవకపోవడంలో ఉంది. పి.జి. 50ని, అల్ట్రామెరైన్‌ని పక్కపక్కన పెట్టుకుని, కుంచెతో రెంటినీ తాకి, తడి కాగితం మీద వదలండి. వదిలి, చేతులు వెనక్కి కట్టుకోండి. మొదట మామూలు నీలంగానే ఉంటుంది. రెండు నిమిషాలకు అంచుల్లో కదలిక మొదలవుతుంది. అల్ట్రామెరైన్ రేణువులకు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకట్టే గుణం ఉంది, అవి చిన్న చిన్న గుంపులుగా చేరతాయి. ఆ గుంపుల సందుల్లోంచి ఫిరోజా తొంగిచూస్తుంది. పూర్తిగా ఆరాక చేయి దూరం నుంచి చూస్తే ఒకే నీలిపచ్చ, కళ్ళకు దగ్గరగా తెస్తే రెండు రంగులు విడివిడిగా, చేనులో రెండు రకాల విత్తనాలు చల్లినట్టు. నేనిప్పటికీ ప్రతిసారీ వంగి చూస్తాను.

కోబాల్ట్ ఫిరోజా దొరక్కపోతే ఇంకో దారుంది. సెరులియన్ నీలం, అంటే పి.బి. 35, విరిడియన్ పచ్చ, పి.జి. 18. రెండూ నెమ్మదైనవి, ఒకదాన్నొకటి మింగవు, రెంటికీ పలుకుంది. ఈ జంటలో వచ్చే ఫిరోజా కొంచెం మందంగా, పాత ఊళ్ళలో సున్నంలో రంగు కలిపి వేసిన గోడలా ఉంటుంది. అరుగుల ఇళ్ళ బొమ్మ వేసేవాళ్ళు దీన్ని తప్పక ప్రయత్నించాలి. పెచ్చులూడిన గోడ కోసం ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదు, రంగే ఆ పని చేసిపెడుతుంది. అదే సెరులియన్‌లో విరిడియన్ బదులు థాలో పచ్చ కలిపితే మాత్రం సూదిమొన మీద పట్టినంత వేసినా సెరులియన్‌ని మింగేస్తుంది.

పి.జి. 50లో కాల్చిన సియన్నా, అంటే ఇటుకరంగు మట్టి, కలిపితే మెత్తని బూడిదరంగు వస్తుంది. అందులో ఒక చోట ఇటుక ఛాయ, ఒక చోట ఫిరోజా ఛాయ తేలుతూ ఉంటాయి. తీగ మీద ముడుచుకు కూర్చున్న పాలపిట్ట వీపు నేను దీంతోనే వేస్తాను. పైకి మట్టిరంగే గాని, లోపల నీలం దాగుందని చూసేవారికి అనిపించాలి. ఇక్కడో తమాషా చెప్పాలి. నిజం పాలపిట్ట ఈకలో నీలిరంగు పదార్థమే లేదు. ఈక లోపలి సూక్ష్మమైన గాలి గదులు వెలుగును చెదరగొడితే ఆ నీలం పుడుతుంది. దానికి ఈకలో గదులు, మనకు కాగితంలో గుంటలు.

నీళ్ళ సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తికాదు. బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది కదా, ఆ కాల్షియం లవణాలు రంగు రేణువుల్ని ఒకచోట చేర్చి పలుకును పెంచుతాయి. పలుకు వద్దనుకునేవాళ్ళు డిస్టిల్డ్ వాటర్ వాడతారు. మనకు కావలసింది పలుకే గనక, తాగడానికి పనికిరాదని మనం తిట్టుకునే చవుడు నీళ్ళు ఇక్కడ అక్కరకొస్తాయి. ఒకే కాగితాన్ని రెండు ముక్కలు చేసి, ఒకదాని మీద వాన నీటితో, ఇంకోదాని మీద బోరు నీటితో ఒకే రంగు వేసి చూడండి.

ఎండలు మాత్రం మనకు అనుకూలం కాదు. మే నెలలో విజయవాడలోనో ఖమ్మంలోనో మధ్యాహ్నం కుంచె పట్టుకుంటే, రేణువు గుంటలోకి దిగేలోపే నీరు ఆవిరైపోతుంది. తెల్లవారుజామున వేయండి, ఫ్యాను కట్టేయండి. కాగితం వెనకవైపు కూడా తడిపి పలక మీద పరవండి. కాగితం చదరపు మీటరుకు 300 గ్రాములది, గరుకుది తీసుకోండి, నున్నటి కాగితం మీద ఇంత శ్రమా వృథా. హెయిర్ డ్రయర్ జోలికి పోవద్దు, కూర్చోబోతున్న రేణువును లేపేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆరుతున్న రంగు మీదికి మళ్ళీ కుంచె తేకండి. నా దగ్గరికొచ్చే పిల్లలకు నేను ఎక్కువసార్లు చెప్పే మాట, "తాకొద్దమ్మా, ఆరనీ."

పాలపిట్ట రెక్కకి మళ్ళీ వస్తాను. ముందు రెక్క మొత్తం శుభ్రమైన నీటితో తడుపుతాను. ఈక మొదలు దగ్గర పి.జి. 50 పల్చగా వదిలి, కాగితాన్ని కొంచెం వాలుగా పట్టుకుంటే రేణువులు ఈక చివరల వైపు జారి అక్కడ చిక్కబడతాయి. అది పూర్తిగా ఆరాక ముదురు పట్టీలు. వాటికి థాలో నీలంలో అల్ట్రామెరైన్ ఒక్క చుక్క. ఆ రోజు నా బొమ్మ పాడుచేసిన రంగు ఇక్కడ నాకు కావాలి. ముదురు పట్టీ నున్నగా, బిగువుగా ఉంటేనే పక్కనున్న లేత పట్టీలో రవ్వ మెరుస్తుంది. రెండూ పలుకుగా ఉంటే ఏదీ కంటికి ఆనదు.

ఒక హెచ్చరిక. కోబాల్ట్ ఒంట్లోకి పోవలసిన పదార్థం కాదు. కుంచె మొన నోట్లో పెట్టి సూది చేసే అలవాటుంటే ఈ రోజే మానెయ్యండి. ఆరిన రంగును గోకి పొడి లేపకండి, రంగు కడిగిన గ్లాసును తాగే గ్లాసులతో కలపకండి. ఆ నీళ్ళు మొక్కలకు కూడా పొయ్యకండి. నేను రాత్రి గ్లాసును కదపకుండా కిటికీ పక్కన పెట్టేస్తాను. తెల్లారేసరికి పైన తేట, అడుగున వేలి మందం కూడా లేని ఫిరోజా పొర. తేటను మెల్లగా వంచేసి, ఆ పొరను పాత కాగితం ముక్కతో తుడిచి, ఆరాక పొట్లం కట్టి చెత్తలో వేస్తాను.