సంచి కొలత ఎక్కడి నుంచి ఎక్కడికి?

మా సంఘం కుట్టుపని గురించి మాట్లాడమన్నారు. లాభం వచ్చిన పని గురించి అందరూ చెప్తారు. మేము నష్టపోయిన ఆర్డరు గురించి చెప్తాం.

ఒక శిక్షణ కార్యక్రమానికి 150 కాన్వాస్ సంచులు కావాలని ఫోను వచ్చింది. ఫైలు పట్టాలి, కొలత పద్నాలుగు, పదహారు, నాలుగు అన్నారు. పుస్తకంలో అంతే రాసుకున్నాం. బట్టను 14 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తుకు కత్తిరించి, ముందుగా 60 సంచులు కుట్టి పంపాం. మర్నాడే తిరిగి వచ్చాయి. ఫైలు లోపలికి దిగడం లేదట.

టేపు పెట్టి చూస్తే అప్పుడు అర్థమైంది. పక్క కుట్లకు అటు అర, ఇటు అర పోయి వెడల్పు 13 అయింది. అడుగు నిలబడడానికి మూలలు 4 అంగుళాలు పట్టి కుట్టాం కదా, ఇంకో 4 పోయి 9 మిగిలింది. ఎత్తులో పైమడతకు ఒకటిన్నర, అడుగు కుట్టుకు అర, మూలలకు 2 పోయి 12 మిగిలింది. వాళ్లు చెప్పింది కుట్టడం పూర్తయిన సంచి కొలత. మేము దాన్నే బట్ట కొలత అనుకున్నాం. నిజానికి వెడల్పు 14కి 4, 1 కలిపి 19, ఎత్తు 16కి 2, 2 కలిపి 20. అలాంటి ముక్కలు సంచికి రెండు కావాలి.

మొదట కత్తిరించిన అక్కనే అన్నాం. ఆమె రెండు వారాలు మీటింగుకు రాలేదు. రాసిచ్చిన అంకెకే ఆమె కత్తెర వేసింది. తప్పు మా పుస్తకంలో ఉంది. ఆ మాట వాళ్లింటికి వెళ్లి చెప్పి పిలుచుకొచ్చాం. బట్ట కొన్నది సంఘం అప్పుతో కాబట్టి ఆ నెల వాయిదాకు పొదుపులో చెయ్యి పెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు ఎవరు ఫోను చేసినా ముందు అడుగుతాం: మొదటి అంకె వెడల్పా, ఎత్తా? కొందరు ఎత్తు ముందు చెప్తారు. సంచిని చదునుగా పరిచి కొలిచారా, అడుగు తెరిచి నిలబెట్టి కొలిచారా? మనం చెప్పుకున్న సంచే పరిస్తే 18 వెడల్పు వస్తుంది. అంగుళాలా, సెంటీమీటర్లా? 40 సెంటీమీటర్లంటే 16 అంగుళాలకు కొంచెం తక్కువ. పట్టీ కొలత అంటే ముక్క పొడవు కాదు, సంచి పైఅంచు నుంచి పట్టీ పైవంపు దాకా ఉండే దూరం. అది చాలకపోతే భుజానికి ఎక్కదు.

వీపు సంచులకు లీటర్లు రాస్తారు. నీళ్లు పోసి చూసేదేమీ కాదు లెండి. 45 సెంటీమీటర్ల ఎత్తు, 30 వెడల్పు, 15 మందం అయితే మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే సుమారు 20 లీటర్లు. పిల్లలకు కొనేటప్పుడు మాత్రం లీటర్లు చూసి మోసపోవద్దు. పిల్ల వీపుకు ఆనించి చూడండి. వీపుకంటే వెడల్పుగా ఉన్నా, నడుము దాటి బాగా కిందికి వేలాడినా అది పెద్దది.

మిగతా 90 సంచులకు కొత్త బట్ట తెచ్చి, ముందు ఒక్కటి కుట్టి, అందులో ఫైలు పెట్టి చూపించాకే మిగిలినవి కత్తిరించాం. పాత 60లో చాలావరకు కూరగాయల సంచులుగా అమ్ముడుపోయాయి. ఇంకా పన్నెండు ఉన్నాయి, బయట బల్ల మీద పెట్టాం. వెళ్లేటప్పుడు చూడండి.