పలకమీఁది పేరు



చిరకాలము బడిలో పలకలపై అక్షరములు దిద్దించినవాఁడను. కావున పలకతోనే ఆరంభించెదను. మన అనకాపల్లిలో బెల్లపు కొట్టునకు రాత్రి కావలివాఁ డొకఁడు కలఁడనుకొనుఁడు. అతని పేరు పలకపై బలపముతో వ్రాయఁబడినది. ఆ పేరున్నంతవఱకే అతని అధికారము. వలదన్నప్పుడు తుడుచుటకు వీలుగా యజమానుఁడట్లు వ్రాసెను. కాని లోనికిఁ జొచ్చిన దొంగకును ఆ పలక అందును గదా!

1991లో ఫిన్లాండు దేశమున లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి కంప్యూటరుల కొఱకు "లైనక్స్" అను దానిని మొదలిడెను. యంత్రమును నడపు ఈ మూలభాగమును కెర్నెల్ అందురు. ఇందు 2003లో "ఎస్ఈ లైనక్స్" అను కావలి చేర్చఁబడెను. అమెరికా జాతీయ భద్రతా సంస్థ దానిని నిర్మించి 2000లో లోకమునకు వెల్లడించినది. ఏ ప్రోగ్రాము ఏ ఫైలును తెఱవఁగోరినను కెర్నెల్ ఈ కావలి నడుగును. సర్వాధికారి పేరిట వచ్చినను విచారణ తప్పదు.

అయితే యంత్రము మేల్కొన్న పిదప, నియమావళి అమలునకు రాకముందు, ఈ కావలిని తొలఁగించు వీలొకటి యుండెను. ప్రారంభపు ఆజ్ఞలను మార్చుట కష్టమైన యంత్రములకై అది యేర్పడినది. దానికొఱకు, కావలిని పిలుచు పట్టికను తుడువరానిదిగాఁ జేయక విడువవలసివచ్చెను. కెర్నెల్ జ్ఞాపకశాలలో వ్రాఁత మార్చఁగల దొంగకు అదియే పలక.

నిర్మాతలు దీనిని ఒక్కమాఱుగాఁ దీసివేయలేదు. 2020లో "ఈ వీలు పోవును" అని ముందుగాఁ జాటిరి. ఆపై దానిని వాడువారిని 5 సెకనులు నిలిపి హెచ్చరించిరి. తుదకు 2023 జూనులో వెలువడిన 6.4వ కూర్పున తొలఁగించిరి. కావలి వలదను స్వాతంత్ర్యము యజమానునకు నేఁటికిని గలదు. కాని ఆ మాట యంత్రము మేల్కొను వేళనే చెప్పవలయును. ఆరంభము ముగిసిన పిమ్మట పట్టిక శిలాశాసనమే.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. ఆండ్రాయిడ్ ఫోనులలో 2013 నుండి ఈ కావలియే కలదు. మన పల్లెలలో బ్యాంకు సొమ్ము లావాదేవీలు అనేకము ఆ ఫోనులలోనే జరుగుచున్నవి. ఎవరైన వచ్చి, "మీ ఫోను రక్షణను కొంతసే పాపెదము, పని సులువగును" అన్నచో, ఆ సులువు ఎవరికని అడుగుఁడు. తగిన సమాధానము రానిచో ఫోను చేతి కీయకుఁడు.

ఇదియే నా మనవి.