మెడనొప్పియు నరదహన చికిత్సయు

(తోటపల్లి గూడూరునందు సమావేశమైన మన కులసంఘ వార్షిక మహాసభలో నొసగిన యుపన్యాసము)



విద్యనుగూర్చియు, వివాహవ్యయమును గూర్చియు, పడవల ఋణములను గూర్చియు పెద్దలు విపులముగ ముచ్చటించియున్నారు. ఆరోగ్యవిషయమై కొంత చెప్పవలసినదని సభవారు నన్నాజ్ఞాపించిరి. ఆరోగ్యమన సముద్రమంత విషయము. అందుండి నేనొక్క బాధను మాత్రమే గైకొందును. అది మెడనొప్పి. ఇది ప్రాణము తీయదు. ప్రాణము తీయని బాధ గనుకనే దీనినిగూర్చి సభలయందు మాటలాడువారు లేరు. కాని యేండ్లతరబడి నిద్రను, పనిని, సంపాదనను హరించు బాధను చిన్నదనుట న్యాయము కాదు.

కోడూరు మొదలుగాగల యీ తీరపు పల్లెలలో మన పురుషులు అలివి వలను భుజమున కెత్తి లాగుదురు. స్త్రీలు చుట్టకుదురుపై చేపలగంప నుంచుకొని క్రోసులదూరము నడచి యమ్ముకొనుచు వచ్చిరి. ఆటోలును, మోటారు సైకిళ్లును వచ్చి నడక తగ్గినను, ఒడ్డునుండి బాటవరకు గంప నేటికిని పెక్కుచోట్ల తలమీదనే పోవుచున్నది. ఆఫ్రికాఖండమునందు తలమోత మోయువారి మెడలను పరీక్షించిన వైద్యులు, మోయనివారికంటె వీరి మెడయెముకలయందు అరుగుదల హెచ్చుగ నున్నదని 1997లో ప్రకటించిరి. మనకిది వింత కాదు. నలుబదియేండ్లు గంప మోసిన యవ్వ వెనుకకు చూడవలసివచ్చినపుడు మెడ త్రిప్పలేక మొండెమంతయు త్రిప్పుట మనమెఱిగినదే.

బాధ యెక్కడ పుట్టునో ముందు తెలిసికొందము. మెడయందు ఏడు పూసలు గలవు. రెండవపూస మొదలుకొని క్రిందికి పూసకు పూసకు నడుమ ముందువైపున మెత్తనిబిళ్ల యొకటియు, వెనుకవైపున కుడియెడమల రెండు చిన్నకీళ్లును ఉండును. తల వంచుటకును, త్రిప్పుటకును ఈ కీళ్లు తోడ్పడును. ఇవి యరిగినపుడుగాని, ప్రమాదములో బెణికినపుడుగాని పుట్టు బాధ మెడలోనే యుండక తలవెనుకకును, భుజమునకును, రెక్కయెముకకును ప్రాకును. ఈ బాధను వెన్నుపామువైపు చేరవేయునవి దారమువంటి సన్ననినరములు. సాధారణముగ నొక్కొక్క కీలునకు రెండేసి యుండును. ఇవి చేతికి బలమిచ్చు నరములు కావు; వెన్నుప్రక్కనున్న చిన్నకండలకు మాత్రము చలనమిచ్చును. కావున వీనిని కొంతకాలము పనిచేయకుండ జేసినను చేయి పడిపోదు. నరదహన చికిత్సకు మూలమీ సూక్ష్మమే.

దహనమనగానే మనవారికి వాతలు జ్ఞప్తికి వచ్చును. నొప్పియున్నచోట కాల్చిన యినుముతో వాతపెట్టుట మనదేశమున ప్రాచీనాచారము. సుశ్రుతసంహితయందలి సూత్రస్థానములో పండ్రెండవ యధ్యాయము అగ్నికర్మకే వినియోగింపబడినది. పూర్వులు దీనిని శాస్త్రముగ నాలోచించిరనుటకు సందేహము లేదు. కాని నేడు పల్లెలలో పెట్టు వాత చర్మమును కాల్చునేగాని, లోతుననున్న నరమును తాకదు. పుండు పడి చీము పట్టును. మధుమేహమున్నవారికి మఱింత యపాయము. క్రొత్తచికిత్సయందు చర్మముపై మంట లేదు. వేడి సూదికొనయందు మాత్రమే పుట్టును.

ఆ విధానమెట్టిదనగా: రోగిని బల్లపై బరుండబెట్టి, చర్మమునకు మత్తుమందిచ్చి, ఎక్స్‌రే యంత్రముతో చూచుచు సన్ననిసూదిని నరముచెంతకు పోనిత్తురు. ఆ సూదికి కొనతప్ప తక్కినభాగమంతయు విద్యుత్తు ప్రాకని పూత యుండును. మొదట స్వల్పవిద్యుత్తు పంపి, చేయి యెగురుచున్నదాయని పరీక్షింతురు. చేయి యెగిరినచో సూది యుండరానిచోట నున్నదని తెలిసి స్థలము మార్చుదురు. పిదప రేడియో తరంగములంతటి వేగముతో దిశమార్చు విద్యుత్తును పంపగా, సూదికొనచుట్టునున్న కణజాలమందలి లవణకణము లటునిటు కదలి వేడి పుట్టించును. ఇంచుమించు 80 డిగ్రీల సెంటిగ్రేడు వేడిని ఒకటి, ఒకటిన్నర నిమిషము నిలుపుదురు. నరమునందు బాధను మోయు మార్గము తెగును. పెక్కురు ఆనాడే యింటికి పోగలరు.

ఇది యెంతవరకు ఫలించును? ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయమునకు చెందిన లార్డ్, బోగ్డుక్ ప్రభృతులు 1996లో నొక పరీక్షను ప్రకటించిరి. మోటారుప్రమాదములలో మెడ బెణికి దీర్ఘకాలము బాధపడుచున్న 24 మందిని రెండుభాగములు చేసి, పండ్రెండుగురికి 80 డిగ్రీల వేడి నిచ్చిరి. తక్కిన పండ్రెండుగురికి అదేసూదిని అదేచోట గ్రుచ్చి, వేడిమాత్ర మీయలేదు. ఎవరికేది జరిగినదో రోగులకు తెలియనీయలేదు. నొప్పి మరల సగమువరకు తిరిగివచ్చుటకు పట్టిన మధ్యస్థకాలము వేడి పొందినవారికి 263 దినములు. పొందనివారికి 8 దినములు. చిన్నపరీక్షయే యైనను, ఉపశమనము భ్రాంతివలన కలిగినది కాదని దీనివలన స్పష్టమైనది.

ఇందొక గుణపాఠము గలదు. ఇట్టికీళ్లలో పుట్టు నొప్పి యెక్స్‌రేలో గాని, ఎమ్మారై పటములో గాని తప్పక కనబడునని నియమము లేదు. పటములో అరుగుదల కనబడియు నొప్పిలేనివారు గలరు. పటము నిర్మలముగ నుండియు నిద్రపట్టనివారును గలరు. మన యిండ్లలో కోడలు మెడ నొచ్చుచున్నదనిన, "ఫొటోలో నేమియు లేదట; పని తప్పించుకొనుటకు నటించుచున్నది" అనువారున్నారు. సోదరులారా! పటమునకు కానరానిది లేనిది కాదు. దానిని కనుగొనుటకు వేఱొక మార్గమున్నది. నరముచెంత కొద్దిచుక్కలు మత్తుమందు వేసి, ఆ మందు పనిచేయునంతసేపును నొప్పి పోవుచున్నదేమో చూతురు. జాగ్రత్తగలవారు కొంతసేపే పనిచేయు లిగ్నొకేయిన్‌తో నొకనాడును, ఎక్కువసేపు పనిచేయు బ్యుపివకేయిన్‌తో మఱియొకనాడును పరీక్షింతురు. ఈ పరీక్షలో నొప్పి తగ్గనిచో దహనము చేయించుకొనుట ధనవ్యయమే.

ఇక నీ చికిత్సకు గల హద్దులను చెప్పవలెను. ఇది వ్యాధిని నిర్మూలింపదు. అరిగినకీలు అరిగియే యుండును. కొన్నినెలలకో, యేడాదికో నరము మరల పెరుగును, బాధయు తిరిగిరావచ్చును. అప్పుడు చికిత్సను మరల చేయవచ్చును. చేసినపిదప కొన్నిదినములు పోటు, కొందఱికి చర్మమున తిమ్మిరి, మెడ పైభాగమున చేసినచో కొంతకాలము నడకలో తూలు కలుగవచ్చును. రక్తము పలుచబడుటకు మందులు వాడువారును, గుండెకు పేస్‌మేకరు గలవారును ముందుగనే వైద్యునితో చెప్పితీరవలెను.

మెడనుండి చేతివ్రేళ్లవరకు మెఱుపువలె ప్రాకు నొప్పి వేఱు. అది తఱచుగ బిళ్ల జాఱి నరపుమూలమును నొక్కుటవలన కలుగును. ఆ నరము చేతికి బలమిచ్చునది గనుక దానినట్లు కాల్చరాదు. చేయి బలహీనమైనను, నడక తడబడినను, మూత్రము పట్టు తప్పినను తడవుచేయక శస్త్రవైద్యుని చూడవలెను. మన జిల్లాచరిత్రలోనే యింకొక నిదర్శనము గలదు. నెల్లూరు జిల్లాయందు త్రాగునీటి ఫ్లోరైడువలన వెన్నును, మెడయు బిగిసిపోవు వ్యాధిని షార్ట్ ప్రభృతులు 1937లో లోకమునకు వెల్లడించిరి. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు 1970వఱకు మన జిల్లాలోనివే. ఆ వ్యాధికి ముఖ్యముగ కావలసినది సూది కాదు, మంచినీరు. కారణ మెఱుగక చికిత్స చేయరాదనుటకు ఇంతకన్న నేమి కావలెను?

ముఖమున నొకప్రక్క కత్తితో కోసినట్లు వచ్చు నరపుశూలకును దహనచికిత్స గలదు. స్వీట్, వెప్సిక్ అను వైద్యులు 1974లో దాని పద్ధతిని వివరించిరి. అయినను మొదట కార్బమజెపిన్ వంటి మందులు వాడి, వానికి లొంగనపుడే దీనిని తలంపవలెను.

పూర్వము నరముల శస్త్రచికిత్స మనవారి కందుబాటులో లేకుండెను. వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో జేకబ్ చాందీగారు 1949లోను, మద్రాసు జనరల్ ఆసుపత్రిలో రామమూర్తిగారు 1950లోను ఆ శాఖలను ప్రారంభించిరి. నేడు దూరము తగ్గినది; మోసపోవుటకు మార్గములును పెరిగినవి. కావున వైద్యుని మూడు ప్రశ్నలడుగుడు: నా నొప్పి యేకీలునుండి పుట్టుచున్నది? మత్తుమందు పరీక్ష చేసితిరా? ఎంతకాలము ఉపశమన ముండును? ఖర్చెంతయో, ప్రభుత్వపథకము వర్తించునో లేదో ముందే తెలిసికొనుడు. వలయు పడవయు తాకట్టు పెట్టి చేయించుకొనదగిన తొందర యిందు లేదు. క్రొత్తగ వచ్చిన మెడనొప్పి పెక్కురికి కొన్నివారములలో తగ్గును. వ్యాయామము, బరువు తగ్గించుట మొదటిమెట్టు. మూడునెలలు దాటియు తగ్గనపుడే పైమెట్లు. అంతవఱకు అంగడిలో నొప్పిబిళ్లలు కొని యేండ్లతరబడి మ్రింగినచో మూత్రపిండములు చెడును, కడుపున పుండ్లు పడును.

ఈ సభవారికి నా విన్నపములు మూడు. ఒడ్డునుండి బాటవరకు గంపలు చేర్చుటకు ప్రతిపల్లెకును తోపుడుబండ్లు సంఘపక్షమున సమకూర్పవలెను. సంవత్సరమున కొకమారు మెడ, నడుము నొప్పులను పరీక్షించు వైద్యశిబిరము నడుపవలెను. అందు స్త్రీలకు ముందు స్థానమీయవలెను. వాతలు పెట్టుటను మానుపించుటకు పెద్దలు పూనుకొనవలెను. ఇందు మొదటిదానికి పెద్ద ధనము కావలసినపని లేదు, మనస్సు కావలెను. చికిత్స తగినవారికే తగును; బరువు తగ్గుట యెల్లరకును తగును. మన కుటుంబములను తలమీద మోసిన తల్లుల ఋణమును ఈ రీతిగనైన కొంత తీర్చుకొందుముగాక!